నూలు తెలిసిన చెయ్యి

కొత్తవాడలో సారంగపాణి తన బిడ్డ తలను రంగు తొట్టిలో ముంచుతున్నాడని మొదట అన్నది పక్కింటి సమ్మమ్మ. ఆమె ఆ మాట పాలు పోసే ఆమెకు చెప్పింది. పాలు పోసే ఆమె వెనుక గల్లీలో అనీస్ బేగం అత్తకు చెప్పింది. అనీస్ బేగం దాన్ని ఎనుమాముల మిర్చి కల్లం దాకా మోసుకొచ్చి, తాలు కాయల కుప్ప ముందు కూర్చున్న సుగుణ చెవిలో దింపింది. సుగుణే ఆ పిల్ల తల్లి.

"నేనైతే నమ్మలే అక్కా," అన్నది అనీస్, ముక్కుకు కట్టుకున్న గుడ్డ జర కిందికి లాగి. "పచ్చ రంగట. పిల్ల నెత్తికెళ్ళి పచ్చటి నీళ్ళు కారుతాంటె సమ్మమ్మ గోడ మీదికెళ్ళి చూసిందట. మల్ల మీ ఆయన నెత్తికి గంజి గూడ పెడుతాండట. మొగోడు ఆడివిల్లకు తల పోసుడే ఒక ఇచ్చంత్రం అనుకుంటాంటె, గంజి ఏందక్కా? అంగీ అనుకున్నడా నెత్తిని?"

సుగుణ చేతిలో కాయను అటూ ఇటూ తిప్పి చూసి మంచి కుప్పలో వేసింది.

"సమ్మమ్మ చూసిందంటే సగమన్న నిజం ఉంటది," అన్నది. "ఆ సగం ఏందో పొద్దుమీకి పొయ్యి చూస్త."

కావ్యకు తొమ్మిదేళ్ళు. పిల్ల బక్కపలచన, జుట్టు మాత్రం ఇద్దరికి సరిపోయేంత. అది ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకుని, ఎవరి మాటా వినకుండా, చెవుల పక్కకు పొంగుకొచ్చే జుట్టు. సుగుణ జుట్టు అలాంటిది కాదు. నడుము దాటి, విప్పితే సాపుగా కిందికి జారే జుట్టు ఆమెది. కల్లంలో సద్దులు తిన్నాక పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఆ జడను అరచేతిలోకి తీసుకుని బరువు చూసి వదిలేవాళ్ళు. సుగుణ పట్టించుకోనట్టే ఉండేది గానీ, వాళ్ళు చూడని రోజు ఆమెకు ఏదో వెలితిగా ఉండేది. తన కడుపున పుట్టిన పిల్లకు ఆ జుట్టు ఎందుకు వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. "ఇది మీ దిక్కుకెళ్ళే వచ్చింది," అని అత్త కట్టమ్మను ఎన్నోసార్లు దెప్పింది. "మా దిక్కు ఎవ్వరికి లేదు," అని కట్టమ్మ అన్నిసార్లూ గట్టిగానే చెప్పింది.

గుండు చేయిస్తే తర్వాత వచ్చేది సాపుగా వస్తుందని వాడలో అందరూ చెప్పేవాళ్ళు. ఏడాది నిండకముందు పుట్టువెంట్రుకలు ఎలాగూ తీయించారు, అది అందరూ చేసేదే. సుగుణ నాలుగో ఏట మళ్ళీ తీయించింది. ఆరో ఏట ఇంకోసారి. ప్రతిసారీ జుట్టు తిరిగొచ్చింది, పగబట్టినట్టు మరింత ముడుచుకుని వచ్చింది. ఈ ఏడు ఐనవోలు మల్లన్న జాతర మొదలైన వారంలోనే పోయి మొక్కుకుంది: ఉగాది లోపల పిల్ల తలనీలాలు ఇస్తా, ఈసారన్నా సాపుగా రానియ్యి తండ్రీ అని. పక్కన సమ్మమ్మ కూడా ఉంది. విన్నది.

చిన్నప్పటి గుండ్లు కావ్యకు గుర్తు లేవు. ఆరో ఏటిది మాత్రం బాగా గుర్తుంది. బడిలో వెనుక బెంచీ వాళ్ళు వంతులేసుకుని ఆ గుండు మీద తబలా వాయించారు. ఉగాది ఇంకా ఎన్ని రోజులుందో ఇంట్లో అందరికంటే ఆ పిల్లకే బాగా తెలుసు.

ఇంతలో మిర్చి సీజన్ వచ్చింది. సుగుణ కల్లంలో తాలు కాయ ఏరే పనికి కుదిరింది. మొదటి రోజు ఇంటికొచ్చి చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగింది, నూనె రాసింది, మళ్ళీ కడిగింది. తెల్లారి ఎప్పటిలాగే పిల్లను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని దువ్వెన అందుకుంది. రెండు నిమిషాలకు పిల్ల కేక వేసి లేచింది. నెత్తి మంట, మెడ మంట, కళ్ళు రుద్దుకుంటే కళ్ళు మంట. కట్టమ్మ పరుగున వచ్చి కుండలో ఉన్న మజ్జిగంతా మనవరాలి నెత్తిన కుమ్మరించింది. ఆ రోజు సుగుణ దువ్వెన తీసుకెళ్ళి మొగుడి చేతిలో పెట్టింది.

"మిర్చి అయిపోయేదాక ఈ నెత్తి నీదే," అన్నది.

సారంగపాణి సొసైటీ మగ్గాలకు నూలు అద్దే పని చేస్తాడు. జంపఖానాల్లో కనిపించే ఎరుపూ నీలమూ మొదట అతని చేతుల మీద నుంచే పోతాయి. మోచేతుల దాకా ఏ రోజు రంగు ఆ రోజు ఉంటుంది. మాట తక్కువ మనిషి. సుగుణ పొద్దున్నే కల్లానికి పోయి సాయంత్రం వచ్చేసరికి పిల్లకు రెండు జడలు బిగించి ఉండేవి.

అనీస్ మాట విన్న సాయంత్రం సుగుణ వాకిట్లోకి వచ్చేసరికి సారంగపాణి తొట్టి కడుగుతున్నాడు. అరుగు మీద కట్టమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. నూలు దుమ్ము పడకుండా అంటూ ఆమె నెత్తికి ఎప్పుడూ ఒక పాత గుడ్డ బిగించి ఉంటుంది. పండుగకైనా, పెళ్ళికైనా ఆ గుడ్డ ఊడదు, కొంగు దానిమీదే. కావ్య ఆమె పక్కన చేరి లెక్కలు చేసుకుంటోంది.

"పిల్ల నెత్తికి రంగు పెడుతానవా?" అన్నది సుగుణ, చెప్పులు విడవకముందే.

"రంగు గాదు. మందారం ఆకు. నూరి పిసికితే జిగట వస్తది. ఆ నీళ్ళే పచ్చగ ఉంటయి."

"మరి గంజి?"

సారంగపాణి తొట్టిలోకి చూశాడు. కావ్య లెక్క ఆపి తలెత్తింది.

"గంజి మొదటిపారే చిక్కగైంది అమ్మా. ఇప్పుడు బాపు పల్చగ పెడుతాండు."

అప్పుడు ఒక్కొక్క మాటే బయటికి వచ్చింది. మొదటి రోజు అతను పొడి జుట్టులో దువ్వెన పెట్టి పై నుంచి కిందికి గుంజాడు. పట్‌పట్ మని తెగింది. ఇరవై ఏళ్ళుగా నూలు చూస్తున్న మనిషికి ఆ చప్పుడు ఏమిటో ఒకరు చెప్పనక్కర లేదు. దువ్వెన అక్కడే ఆపేశాడు.

"పొడి చిలపల దువ్వెన పెట్టి గుంజుతరా ఎవరన్న?" అన్నాడు. చిలప అంటే మిల్లు నుంచి వచ్చే నూలు కట్ట. "పోగులన్ని పోతయి. ముందుగాల నానబెట్టాలె. నానినంక కింది కొసకెళ్ళి మీదికి వేళ్ళతోని విప్పుకుంట పోవాలె. గది నూలైతె ఏంది, ఎంటికలైతె ఏంది?"

"నాకేమెరుక. మా అవ్వగారిది ఎవుసం," అన్నది సుగుణ.

కుంకుడుకాయ చిక్కగా కొట్టి పోస్తే జుట్టు కొబ్బరి పీచులా అయింది. సోడా ఎక్కువైన నూలు కూడా అట్లాగే గరుకు తేలుతుంది కదా అని, తర్వాతి వారం రెండు కాయలే కొట్టి, రసం పలుచన చేసి, కుదుళ్ళకే పట్టించాడు. కొసలకు మందారం జిగట. నూలుకు గంజి పడితే పోగు పోగూ ఒద్దికగా ఉంటుంది, జుట్టుకెందుకు ఉండదు అనుకుని ఒక పొద్దున పడుగుకు పెట్టినంత చిక్కటి గంజి పెట్టాడు. అది ఎండి పలక అయింది. పిల్ల అలాగే బడికి పోయింది. టీచరమ్మ ఏ నాటకంలో వేషమే అని అడిగింది. సమ్మమ్మ గోడ మీది నుంచి చూసింది ఆ రోజే.

"బియ్యం కడిగిన నీళ్ళంత పల్చగ పెట్టాలెనని నాకు తర్వాత తెలిసింది," అన్నాడు సారంగపాణి. అతను జీవితంలో ఒప్పుకున్న తప్పుల్లో అది పెద్దది.

సుగుణకు నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. లోపలికి పోయి మంటను ఓర్చుకుంటూ జడ విప్పి దువ్వుకుని, దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు ఉండ చుట్టి గోడ సందులో దోపబోయింది. గిన్నెలిచ్చి వెంట్రుకలు కొనే ఆమె వచ్చేదాకా ఇంటి ఆడవాళ్ళ వెంట్రుకలన్నీ ఆ సందులోనే ఉంటాయి. ఇదివరకు పిల్లను దువ్విన ప్రతి పొద్దునా నిమ్మకాయంత ఉండ వచ్చేది, సందు నెలకే నిండిపోయేది. ఇప్పుడు చూస్తే రెండు నెలలు కావస్తున్నా సగం కూడా కాలేదు. ఉన్నవన్నీ సాపు వెంట్రుకలే. తనవే.

చేతిలోని ఉండను కూడా అందులో దోపింది. బయటికి వచ్చి అన్నది:

"మంచిగనే చేసినవ్. నేనేమి అనను. కాని మొక్కు మొక్కే. వచ్చే ఆదివారం తప్పితే ఉగాదికి ముంగట మల్ల ఆదివారం లేదు. పదకొండు గంటల బస్సుకు ఐనవోలు పోతానం."

"నేను రాను," అన్నది కావ్య.

"దేవుని కాడికి రాను అంటరా?"

"దేవుడు అడిగిండా నా ఎంటికలు? నువ్వే ఇస్తనన్నవ్."

అరుగు మీద రాట్నం ఒక్క చుట్టు ఆగింది. మళ్ళీ తిరిగింది.

సారంగపాణి చేతులు తుడుచుకున్నాడు. "ఆదివారం పొద్దుగాల నేను పిల్లకు తల పోస్త. నువ్వు ఒక్కపారి పక్కన కూసోని సాంతం చూడు. అటెన్క నీ ఇష్టం," అన్నాడు. అతను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అరుదు కాబట్టి సుగుణ సరేనంది.

ఆదివారం ఎనుమాముల మార్కెట్టుకు సెలవు. సుగుణ పీట వేసుకుని వాకిట్లో కూర్చుంది. చేతులు చంకల్లో పెట్టుకుంది. రెండు నెలలుగా అవి ఏది ముట్టుకున్నా మంటే కాబట్టి ఆ అలవాటు పడిపోయింది. బ్యాగులో పసుపు బట్ట, కొబ్బరికాయ, మల్లన్నకు చల్లే బండారి పసుపు పొట్లం సర్దిపెట్టి ఉన్నాయి. కావ్య ఆ బ్యాగు వైపు చూడకుండా వెళ్ళి రాతి బండ మీద తల వంచుకుని కూర్చుంది.

సారంగపాణి గోరువెచ్చని నీళ్ళు చెంబుతో ధారగా పోశాడు. కుమ్మరించలేదు. జుట్టంతా తడిసి బరువుగా కిందికి వాలేదాకా పోస్తూనే ఉన్నాడు. పలుచని కుంకుడు రసాన్ని వేళ్ళ కొసలతో కుదుళ్ళకు పట్టించాడు. గోళ్ళు తగలనివ్వలేదు. కడిగి, మందారం జిగట దోసిట్లోకి తీసుకుని కొసల నుంచి పైకి రాశాడు. అప్పుడు చిక్కులు విప్పడం మొదలుపెట్టాడు. అడుగున బెత్తెడు. అది వదులయ్యాక దానిపైన బెత్తెడు. మెడ దగ్గర ఒక ముడి గట్టిగా బిగిసి ఉంది. సుగుణైతే దువ్వెనతో ఒక్క గుంజు గుంజేది, పిల్ల ఒక్క కేక వేసేది, పని అయిపోయేది. అతను దానికి ఇంకొంచెం జిగట పెట్టి, రెండు వేళ్ళ మధ్య తిప్పి తిప్పి, ఒక్కొక్క వెంట్రుకా బయటికి తీశాడు. నీలం రంగు దిగిన ఆ గోళ్ళు నల్లటి జుట్టులో వెతుక్కుంటూ పోతుంటే కావ్య కళ్ళు మూతలు పడ్డాయి. పిల్ల కూర్చునే కునుకు తీస్తోంది. తల దువ్వించుకుంటూ ఈ పిల్ల నిద్రపోవడం సుగుణ ఇంతవరకు చూడలేదు.

ఊడిన వెంట్రుకలను అతను బండ మీద పక్కగా పెట్టాడు. సుగుణ లెక్కపెట్టింది. పద్నాలుగు.

చివరికి చన్నీళ్ళతో కడిగి, తన పాత లుంగీ, ఉతికి ఉతికి మెత్తబడినది, తీసుకుని జుట్టును అందులో అదిమాడు. రుద్దలేదు.

"తువ్వాలతోని రుద్దుతె పీచు లేస్తది," అన్నాడు పెళ్ళాం అడగకుండానే. "అదుముడే. మెలిపెట్టి పిండొద్దు."

నీళ్ళలాంటి గంజి నాలుగు చుక్కలు అరచేతులకు రాసుకుని, జుట్టును కింది నుంచి పిడికిట్లోకి ఎత్తి ఎత్తి వదిలాడు. వదిలిన ప్రతిచోటా జుట్టు తనంతట తానే చుట్టుకుంది.

"ఇగ ముట్టొద్దు. ఎండేదాక ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు."

ఎండ అరుగెక్కేసరికి పిల్ల జుట్టు ఆరింది. కండెకు చుట్టిన నూలు వదులు చేస్తే ఎలా ఉంటుందో ఒక్కో పాయ అలా ఉంది. వరస వరసగా, మెరుస్తూ, భుజాల దాకా దిగి. తల ఊపితే అన్నీ కలిసి ఊగి మళ్ళీ తమ చోటికి వచ్చాయి. సుగుణ పీటను దగ్గరికి జరుపుకుంది. తొమ్మిదేళ్ళుగా ఆ జుట్టుతో కొట్లాడిందే తప్ప, అది తన మానాన తాను ఉంటే ఎలా ఉంటుందో ఆమె ఒక్కరోజు కూడా చూడలేదు.

అప్పుడు రాట్నం ఆగింది. ఈసారి మళ్ళీ తిరగలేదు. కట్టమ్మ అరుగు దిగి వచ్చి, బండ మీద కూర్చుని, నెత్తి మీది గుడ్డ ముడి విప్పింది.

"పాణీ, నాది గూడ చూడరా."

సారంగపాణికి నలభై రెండేళ్ళు. తల్లి జుట్టు విప్పి ఉండగా అతను ఎన్నడూ చూడలేదు. గుడ్డ కింద, నూనెతో అంటుకుపోయిన చిన్న గట్టి ముడి ఉంది. అతను చెంబు అందుకున్నాడు. ఆ ముడి విడవడానికి చాలాసేపు పట్టింది. పదకొండు గంటల బస్సు హారన్ కొడుతూ మెయిన్ రోడ్డు మీద పోవడం అందరికీ వినిపించింది. ఎవరూ లేవలేదు.

ఆరాక చూస్తే తెల్లటి ఉంగరాలు. పల్చబడ్డాయి గానీ అవే ఉంగరాలు, అదే పాపిడి, చెవుల పక్కన అదే పొంగు.

"బాపమ్మా, అచ్చం నా లెక్కనే," అన్నది కావ్య.

సుగుణ పీట మీద నుంచి లేచింది. "అత్తమ్మా, మా దిక్కు ఎవ్వరికి లేదంటివి గద."

"అన్న."

"ఎందుకన్నవ్?"

"పెండ్లయి వచ్చినంక మా అత్త నాకు మూడుపార్లు గుండు చేయించింది. సాపుగ వస్తదని. మూడుపార్లు గిదే వచ్చింది. నాలుగోపారి మంగలిని పిలువకముందే బట్ట కట్టిన. గప్పటికెళ్ళి ఎవ్వరి ముంగట విప్పలే."

"మూడుపార్లు?" సుగుణ గొంతు పెరిగింది. "మరి పిల్లకు నేను చేయిస్తాంటె చెప్పొద్దా? గుండుతోని సాపుగ రాదని నీకు ఎరుకేనాయె. రెండుపార్లు ఎదురుంగ నిలబడి చూసినవ్."

"చెప్తె నా దిక్కుకెళ్ళి వచ్చిందంటవు గద," అన్నది కట్టమ్మ. "గీ నోటితోని లేదని చెప్పి, మల్ల ఉన్నదని ఎట్ల చెప్పాలె? మొన్న దేవుడు అడిగిండా అని పిల్ల అన్నమాట ఇన్నంక నాకే సిగ్గనిపించింది."

సుగుణకు కోపం వచ్చింది. అత్త మీద వచ్చిన కోపం అత్త దగ్గరే ఆగలేదు, తిరిగి తన దగ్గరికే వచ్చింది. పిల్ల జుట్టు మీదికి చెయ్యి పోబోయి, మిర్చి గుర్తొచ్చి ఆగింది. చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి, చెంపను ఆ ఉంగరాలకు ఆనించింది. మెత్తగా ఉన్నాయి. మందారం పచ్చివాసన. కావ్య కదలకుండా నిలబడింది.

"గుండుకు పోతానమా?" అన్నది పిల్ల, మెల్లగా.

సుగుణ జవాబు చెప్పేలోపు గేటు చప్పుడైంది. సమ్మమ్మ. వీళ్ళ వెంట ఐనవోలు పోయేందుకని మంచి చీర కట్టుకుని, బస్టాపులో గంటసేపు ఎదురుచూసి, వీళ్ళు రాకపోతే వెనక్కి తిరిగి వచ్చింది. కట్టమ్మ తల చూసి గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఏందే కట్టక్కా, నిన్ను గూడ తొట్లె ముంచిండా?"

"ముంచిండు. ఆదివారం రా, నిన్ను గూడ ముంచుతడు."

కావ్య నవ్వింది. సారంగపాణి మొహం పక్కకు తిప్పుకున్నాడు. సమ్మమ్మకు అది నచ్చలేదు.

"నవ్వుతె అయిపోతదా? బస్సు పాయె. ఉగాది వచ్చె," అన్నది సుగుణ వైపు తిరిగి. "ఎంటికలు ఇస్తనని మల్లన్నకు నోరార మొక్కినవ్. నేను పక్కపొంటనే ఉన్న, నా చెవులార విన్న. పిల్ల నెత్తి ముద్దుగ కనబడ్డదని ఇప్పుడు దేవుని మాట తప్పుతవా సుగుణా? రేపు ఆ పిల్లకేమన్న అయితె?"

కావ్య తండ్రి వెనుకకు జరిగింది. కట్టమ్మ గుడ్డను ఒళ్ళో పెట్టుకుని మడత పెడుతోంది గానీ నెత్తికి కట్టుకోలేదు.

సుగుణ అరుగు మీది బ్యాగు తీసి భుజానికి వేసుకుంది. వీపు మీది జడను ముందుకు లాక్కుంది. అది ఆమె నడుము దాటి, కొబ్బరికాయ ఉన్న బ్యాగు మీద పడింది. కల్లంలో అందరూ చేతిలోకి తీసుకుని బరువు చూసే జడ. ఆమె దాన్ని ఒకసారి చూసుకుని, సమ్మమ్మను చూసింది.

"మొక్కింది నేను. కత్తి నా నెత్తికే."